పిట్ట ముట్టని విస్తరి

"నా పేరు మీద ఏ తంతూ చేయొద్దు. ఈ బాధ్యత గజేందర్‌ది."

ఇంతే ఉంది ఆ కాగితంలో. గజేందర్ అంటే నేనే. నా ముప్పై ఏళ్ల స్నేహితుడు లక్ష్మీరాజం అన్న తన దేహాన్ని సిద్దిపేట మెడికల్ కాలేజీకి రాసిచ్చిన రోజునే ఇదీ రాసి, సంతకం చేసి నాకిచ్చాడు. ఆయన పోయి ఇవాళ్టికి మూడో రోజు. కాగితం నా జేబులో ఉంది. నేను మాత్రం ఆ కాలేజీ వెనక గోడ దగ్గర, ఆయన కోసం పరిచిన విస్తరి ముందు నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

మూడో రోజు పిట్టకు పెట్టడం మా దగ్గర ఆచారం. కాల్చిన చోటో, పూడ్చిన చోటో పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. పిట్ట ముట్టాకే ఇంట్లోవాళ్లు మెతుకు నోట్లో వేసుకుంటారు. అన్నను కాల్చనూ లేదు, పూడ్చనూ లేదు. మరి ఎక్కడ పెట్టాలని పొద్దున ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. ఆయన భార్య పోచవ్వ వదినే తేల్చేసింది.

"ఆయన గా గోడ లోపట ఉన్నడు గదా. గోడ బయట పెడుదాం."

నేను ఊరుకోలేదు. కాగితం తీసి అందరి ముందూ చదివాను. వదిన చివరిదాకా విన్నది.

"ఆయన రాసిపెట్టిండు, మంచిదే. నాకు రాయరాదు గదా సారూ. మరి నా మాట ఏ కాయితంల ఉన్నది?"

ముప్పై ఏళ్లుగా మానవవాదం మీద ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అన్నకు మానవవాదమంటే ఒకటే అర్థం: దేవుణ్ణి తీసేసి ఆ చోట మనిషిని నిలబెట్టడం. కల్లు గీతకు తాళ్లెక్కే ఇంట పుట్టి, బడిపంతులై, ఎవరి ముందూ తల వంచని మనిషి ఆయన. నాది కాస్త మెత్తటి రకం. ఎదుటి మనిషి బాధలో ఉంటే సిద్ధాంతాన్ని కాసేపు పక్కన పెట్టొచ్చంటాను. "నీది మానవవాదం కాదురా, మొహమాటం" అనేవాడు. ఇద్దరం బస్టాండు ముందు చాయ్ తాగుతూ గొంతులు చించుకునేవాళ్లం. ఎల్లుండి డిగ్రీ కాలేజీలో 'మానవవాదం: రేపటి దారి' మీద ఆయన మాట్లాడాలి. ఆయన పేరు తీసి నా పేరు వేశారు. ఇంతవరకూ ఒక్క వాక్యం రాయలేదు.

పదకొండు దాటింది. విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, చిన్న గిన్నెలో కల్లు. ఒక కాకి వచ్చి కరెంటు తీగ మీద వాలింది, అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. మళ్లీ ఏదీ రాలేదు.

వదిన తమ్ముడు ఓంప్రకాశ్ అక్కన్నపేట నుంచి వచ్చాడు. ఆకాశం వైపు చేతులు జోడించాడు. "బావా, నీ మనసుల ఏమున్నదే? నీ పుస్తకాలు అమ్మం. అక్కను మంచిగ చూసుకుంటం. వచ్చి ముట్టే!"

ఏదీ రాలేదు. నేను నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు తిరుగుతున్నాను. ఇంతలో అన్న బిడ్డ వినీత నా దగ్గరికి వచ్చింది. నర్సుగా చేస్తోంది.

"కాకా, అమ్మ పొద్దున షుగర్ గోలీ ఏస్కున్నది. రోజూ అలవాటు గదా, ఏమీ తినకుంటనే మింగింది. చూడు, చేతులెట్ల వణుకుతున్నయో. చక్కెర నోట్లె పోస్తే ఉమ్మేసింది."

వదిన గోడకు ఒరిగి కూర్చుంది. ముఖమంతా చెమట.

"వదినా, ఒక్క ముద్ద తినండి."

"పిట్ట ముట్టనీ."

"ఏం పిట్టలు కాకా?" వినీత చుట్టూ చెయ్యి చూపింది. "ఈ దిక్కు ఒక్క చెట్టన్న ఉన్నదా? బాపూ నువ్వూ మనిషి మనిషి అనుకుంటనే తిరిగిన్రు. పిట్టలు ఏడ ఉండాల్నో ఎవలన్న అనుకున్నరా?"

అనుకోలేదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఓంప్రకాశ్ నా భుజం పట్టుకున్నాడు. "సారూ, బావకు నీతోనే ఎక్కువ ముచ్చట. నువ్వు చెప్పు, వస్తడు."

అందరూ నన్నే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ చేతులు జోడించాను. "అన్నా, నీ కాయితం నా దగ్గర్నే ఉన్నది. పదకొండో దినం అస్సలు చెయ్యనియ్య. ఎవలకూ గుండు చేయనియ్య. గిది ఒక్కటి ఒప్పుకోవే. వదిన పడిపోయేటట్లున్నది."

చనిపోయిన హేతువాదితో ఖాళీ తీగ కింద నిలబడి బేరమాడుతున్నాను. తీగ ఖాళీగానే ఉంది. వదిన కళ్లు మూతలు పడుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద, ఆ కాగితం మీద, అన్నిటికన్నా నా మీద. గబుక్కున కూర్చుని విస్తరిలో చెయ్యి పెట్టాను. కూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"అయ్యో సారూ! సచ్చినోళ్ల కూడు!" ఓంప్రకాశ్ నా చెయ్యి లాగాడు. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

ముద్ద మింగాను. "వదినా, నేను ముట్టిన. తినుండ్రి."

వదిన కళ్లు తెరిచి నన్నే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను. మెల్లగా అడిగింది.

"కూరల ఉప్పు సరిపోయిందా?"

నలభై ఏళ్లు ఆమె వంటకు అన్న పెట్టిన వంక అదొక్కటే, ఉప్పు తక్కువైందని. ఉప్పు సరిగ్గానే ఉంది.

"తక్కువైంది వదినా" అన్నాను.

ఆమె కళ్లనిండా నీళ్లతో, నవ్వుతూనే నోరు తెరిచింది. వినీత ముందు చక్కెర పోసి, తర్వాత ముద్ద పెట్టింది. నాకూ ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి విస్తరిలోంచి ఇంకో ముద్ద కలిపాను.

వదిన చెయ్యెత్తి ఆపింది.

"ఇగ చాలు సారూ. పిట్టలకు గూడ ఉండనియ్యి."