కంబళి తీసేసిన బొమ్మ

ప్రొద్దుటూరులో ఖాజా అన్న ఫ్లెక్సీల షాపులో నేను ఏళ్ళ తరబడి నాయకుల మొహాలకు మెరుగులు దిద్దుతున్నాను. ముడతలు తీయాలి, జుట్టు నల్లబరచాలి, అవతలి పార్టీవాడి మీసం కంటే మనవాడి మీసం కాస్త పెద్దదిగా ఉండాలి. ఛీ, విసుగొచ్చేసింది. అందుకే బెంగళూరులోని ఒక గేమ్ కంపెనీ యోధురాలి బొమ్మ వేసి పంపమంటే ప్రాణం లేచి వచ్చింది. ఫోన్లో ఆడుకునే ఆట అది. కోటలు, రాక్షసులు, మంత్రాలు ఉంటాయి. ఆడేవాళ్ళు తమకు నచ్చిన వీరుణ్ణో వీరనారినో ఎంచుకుని, ఆ మనిషిగా కథలోకి దిగుతారు.

నాకు తెలిసిన వీరనారి ఒక్కతే. మా అమ్మ మునెమ్మ.

మాది జమ్మలమడుగు దగ్గర గొర్రెలు కాచుకునే ఇల్లు. ఫ్యాక్షన్ రోజుల్లో, ఓట్లనాడు మా పార్టీ తరఫున బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడానికి ఊళ్ళో ఒక్క మగవాడికీ గుండె చాలలేదు. కూర్చున్నవాణ్ణి కూర్చున్నచోటే నరుకుతామని అవతలివాళ్ళు కబురు పెట్టారు మరి. అమ్మ తాను పోతానంది. పొద్దున్నే గొర్రెబొచ్చు కంబళిని మడతలు పెట్టి కడుపుకు బిగించి, తాడుతో కట్టుకుని, దానిపైన కోక చుట్టుకుంది. మధ్యాహ్నం కొడవలి దెబ్బ పడనే పడింది. కంబళి తెగింది, అమ్మ బతికింది. ఓట్ల పెట్టెకు సీలు వేసేదాకా కుర్చీలోంచి లేవలేదు.

అట్లాంటి మనిషిని ఉన్నదున్నట్టు గీసి లోకానికి చూపించాలని నా పంతం. అమ్మ మొహమే పెట్టాను. ఎండకు మాడిన నుదురు, బిగించిన దవడ. కడుపు మీద మందపాటి కంబళి, దానిపైన ఇనుప రేకులు.

జవాబొచ్చింది. మొహం అద్భుతమట. కంబళి మాత్రం తీసేయాలట. కడుపు, తొడలు కనబడాలట, రొమ్ముల మీద రెండు చిప్పలంత ఇనుముంటే చాలట. రాసింది కూడా ఒక ఆడమనిషే, ఏం చెప్పమంటారు. కంబళి ఎందుకుందో విడమరిచి రాశాను. ఇది ఊహాలోకమండీ, ఇక్కడ ఏదైనా చెల్లుతుంది అంది. మరి మీ ఆటలోని మగవీరుడికి గొంతుదాకా ఇనుమెందుకని అడిగాను. నేను తీయనన్నాను. మిగతాది మావాళ్ళు చూసుకుంటారులే అని రాసింది. పీడ వదిలిందనుకున్నాను.

కొన్నాళ్ళకు పులివెందుల సభ వచ్చిపడింది. ఫ్లెక్సీల పనితో తల ఎత్తడానికి లేదు. అమ్మ నాకు అన్నం క్యారియర్ తెచ్చింది. ఖాజా అన్న సంబరంగా ఫోన్ చాపాడు.

"మునెమ్మక్కా, ఈడ చూడు. నీ కూతురు గీసిన బొమ్మ ఆటలోకి వచ్చినాది. అచ్చం నువ్వే."

నేనూ ఫోన్లోకి తొంగి చూశాను. మొహం అమ్మది. కింద ఒళ్ళు ఎవరిదో. నా మొహం చూశాక గానీ ఖాజా అన్నకు అర్థం కాలేదు, పాపం, తల దించుకున్నాడు. అమ్మ ఫోన్ దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఈమె యాడికి పోతాండాది పాపా?"

"యుద్ధానికి మ్మా."

"కడుపు ఇట్ల ఇడిసిపెట్టి పోతే, కొడవలి యాడ ఎయ్యాల్నో మనమే చూపిచ్చినట్ల గాదా?"

నేను జరిగిందంతా చెప్పాను. అమ్మ ఫోన్ ఖాజా అన్న చేతిలో పెట్టేసింది.

"నేనట్ల పోలే. నన్ను తీసెయ్యమని చెప్పు వాళ్ళకు."

ఆ పూటే కంపెనీకి రాశాను. ఆ మొహం మా అమ్మదని, ఆమె బాధపడుతోందని బతిమాలాను. ఒకసారి ఇచ్చాక బొమ్మ తమదేనని మర్నాడు జవాబు. నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఇంటికి పోయేసరికి అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"తియ్యరంట మ్మా. బొమ్మ వాళ్ళదంట."

అమ్మ చాట పక్కన పెట్టింది.

"ఆ పొద్దు నన్ను నరకను వచ్చినోళ్ళు గూడా నా కోక ఊడబెరకలే పాపా," అంది.