అరచెయ్యి చెప్పిన మాట

బూడిద చల్లగా ఉంది.

ఆమె అరచెయ్యి అలాగే చెప్పింది. చెయ్యి తీసింది. మళ్ళీ పెట్టింది. పది అంకెలు లెక్కపెట్టింది... చల్లగానే ఉంది.

అప్పుడే తెల్లవారింది. రొట్టెల బట్టీ ముందు ఆమె ఒక్కతే, డబ్బాలో అప్పుడే తీసిన పైబూడిద. బట్టీ లోపల, మిగిలిన నివురు కింద, నిన్నటి నిప్పు నిద్రపోతోంది.

ఇరవై రెండేళ్లుగా ఆ నిప్పు ఆరలేదు. రొట్టెలయ్యాక నివురు కప్పి పడుకోబెట్టడం. పొద్దున్నే పైబూడిద ఇనపడబ్బాలోకి తీసి, ఊది లేపడం. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది.

ఆ నిప్పే ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఆ నిప్పే వీధిలో అందరికీ పొద్దుటి రొట్టె పెట్టింది.

ఆ నిప్పేనా...

ఆమె లేచింది. చీపురు తీసింది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. వచ్చి, మళ్ళీ డబ్బాలో చెయ్యి పెట్టింది.

బూడిదని అరచేత్తో చూడమని నేర్పింది అత్తగారు. "కళ్లని నమ్మకే. చేతిని అడుగు," అనేది. "నిప్పూ కోడలూ ఒకటే. కనిపెట్టుకుని ఉండకపోతే ఇల్లు మనది కాదు," అని పకపకా నవ్వేది. కోడలూ నవ్వేది.

చెయ్యి చల్లన అంటే — బూడిద గోనెసంచిలోకి. సంచి వెనకగది మూలకి. గిన్నెలు తోముకోవడానికి వీధివాళ్లు అడిగి పట్టుకెళ్లేవారు.

ఇరవై రోజుల కిందట, ఒక మధ్యాహ్నం, ఆ వెనకగది అంటుకుంది.

ముందు పొగ. తర్వాత ఖాళీ పిండిసంచులు. ఆ తర్వాత అత్తగారి కేక... ఆ గదిలోనే ఆవిడ కునుకు తీస్తోంది. ప్రాణం దక్కింది. పాదాలు కాలాయి. ఇప్పుడు మంచం మీద కూర్చుని, కాళ్ల కట్లు చూసుకుంటూ, "నా బట్టీ ఎలా ఉందే?" అని అడుగుతుంది.

బట్టీకేం. గది కాలుతున్నంతసేపూ అందులో నిప్పు, ఏమీ ఎరగనట్టు, నివురు కింద అలాగే పడుకుంది.

కరెంటు వల్లే అన్నారు అందరూ. అంతకు నాలుగు రోజుల ముందే ఆ గదిలో కొత్త వైరు లాగాడు టెస్టర్. అది అతని పేరు కాదు. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుందని వీధి పెట్టిన పేరు.

"నిప్పు లేందే పొగ రాదుగా," అంది వీధి. ఆమె భర్త నడివీధిలో అతని చొక్కా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అతన్ని ఫ్యాను బిగించడానికి కూడా ఎవరూ పిలవలేదు.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది.

ఆ పొద్దున సంచిలో బూడిద పోసింది తనే. చెయ్యి పెట్టి చూసే పోసింది. పది లెక్కపెట్టే పోసింది. చెయ్యి ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

కానీ మొన్న — పొంగుతున్న పాలగిన్నెని ఉత్త చేతులతో దించింది. భర్త నోరు తెరిచాడు. "చెయ్యా అది, పటకారా?" అన్నాడు. మంచం మీద అత్తగారు పడీపడీ నవ్వింది.

ఆమెకి నవ్వు రాలేదు. అప్పట్నుంచీ నిద్రా రాలేదు. 

నిప్పంటే నోరు కాలదంటారు. మరి బూడిద అన్న మాటకే తన నోరెందుకు కాలుతోంది? వీధి ఆమెని నిప్పులాంటి మనిషి అంటుంది. ఆ మాట చెవిన పడితే చాలు, తల దించుకుంటోంది.

షట్టరు దగ్గర ఎవరో దగ్గారు.

టెస్టర్. గడప దాటలేదు. జేబులో టెస్టరు లేదు. అది ఉండే చోట, వెలిసిన చొక్కా మీద, వెలవని గీత ఒకటి మిగిలింది.

"నిన్నటివి రెండు రొట్టెలుంటే ఇస్తారా అక్కా?" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "ఆ జాయింటు మీద టేపు చుట్టాననే గుర్తు. కానీ... ఏమో. చుట్టలేదేమో. పెద్దావిడ కాళ్లు తలుచుకుంటే వైరు పట్టుకోబుద్ధి కావట్లేదక్కా. ఈ పని మానేస్తున్నా," అన్నాడు.

చుట్టిన టేపుని, చుట్టలేదని నమ్మడం మొదలుపెట్టాడు.

ఆమెకి సిగ్గేసింది. భయమేసింది. రెండూ ఒకేసారి.

"తమ్ముడూ, ఇలా రా."

వచ్చాడు.

"ఈ బూడిదలో చెయ్యి పెట్టు."

"దేనికక్కా?"

"పెట్టి చూడు. ఎలా ఉందో చెప్పు."

ముందు తన చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. అతనూ చల్లగా ఉందంటే బాగుండు... అనుకుంది. అంటే, తప్పు అతనిదే అయితే బాగుండు అనుకుంది. ఆ ఆశకి తనమీద తనకే అసహ్యమేసింది.

అతను ఆమె చేతి పక్కనే చెయ్యి పెట్టాడు.

"అమ్మో!"

చెయ్యి లాక్కుని వేళ్లు నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంగా చూశాడు. ఆ చూపు మెల్లగా కిందికి దిగి, డబ్బాలో ఆమె చేతి మీద ఆగింది.

"అక్కా... మీకు కాలట్లేదా?"

బట్టీలో నివురు కింద బొగ్గొకటి టప్పున పేలింది.

అతను వెనకగది వైపు చూశాడు. మసి గోడ. ఆ మూల, గోనెసంచి ఉండే చోటు. మళ్ళీ ఆమెకేసి చూశాడు.

"పొద్దున్నే ఎవరే వచ్చిందీ?" లోపల్నుంచి భర్త కేక.

ఆమె నోరు తెరిచింది.

చెయ్యి ఇంకా బూడిదలోనే ఉంది —

చల్లగా.