గుమ్మడి సూప్‌కి మార్కులు

చెట్లన్నీ ఆకులు రాల్చుకుని బోడిగా నిలబడ్డ రోజుల్లో అత్తగారు వాకిట్లో తడి ఆకుల మీద కాలు జారి పడింది. ఎముక విరగలేదు, మడమ బెణికిందంతే. డాక్టరు కట్టు కట్టి కొన్నాళ్ళు మంచం దిగొద్దన్నాడు. ఆ మాట వినగానే ఆవిడ ముఖంలో కనిపించింది నొప్పి కాదు, పోయిన పదవి తిరిగొచ్చిన కళ.

ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. వీధి వీధంతా ‘పెద్దమేడం’ అంటుంది. బడి వదిలాక దిద్దడానికి పేపర్లు లేక చేతులు దురద పెడుతుండేవి. పేపర్లో అచ్చుతప్పుల్ని, టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఉచ్చారణని కూడా వదిలేది కాదు. ఇప్పుడు మంచం పక్కన స్టూలు, స్టూలు మీద పాత బడిగంట, గంట కొడితే పరిగెత్తుకొచ్చేంత దూరంలో ఇద్దరు కోడళ్ళు. ఇంతకన్నా ఏం కావాలి?

“ఈ చలికి ఒంట్లో వేడి నిలవాలంటే సూపొక్కటే మందు,” అంది మొదటిరోజే. “గుమ్మడికాయతో చెయ్యండి. చిక్కగా ఉండాలి. అలాగని ముద్ద చేసి నా ముఖాన కొట్టకండి.”

పెద్దకోడలు ఆవిడతోపాటు కింద ఇంట్లోనే ఉంటుంది. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది కాబట్టి వంటింట్లోనూ అన్నిటికీ లెక్కే. గుమ్మడి ముక్కలు తూకం వేసి, మిరియాలు చెంచాతో కొలిచి గానీ పొయ్యి ముట్టించదు. మేడ మీదుండే చిన్నకోడలికి బ్యూటీ పార్లరుంది. మనిషి ముఖం చూసి జుట్టు కత్తిరించినట్టే, గిన్నె ముఖం చూసి ఉప్పు వేస్తుంది.

పెద్దకోడలు తన మొదటి కప్పు పట్టుకెళ్ళింది. అత్తగారు కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగి, “ఆరు,” అంది.

“ఆరేమిటత్తయ్యా?”

“పదికి. వెల్లుల్లి పచ్చివాసన పోలేదు. చిన్నమ్మాయి పొద్దున పంపింది చూడు, అమృతమనుకో!”

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు గుమ్మడి ముక్కల్ని ముందు దోరగా కాల్చి మరీ చేసింది. ఆరున్నర వచ్చింది. ఆ మర్నాడు వెన్న వేసి, క్యారెట్లు కలిపింది. మళ్ళీ ఆరు. రాత్రి మొగుడి ముందు కప్పు పెట్టి కూర్చుంది. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే, “బాగుంది,” అన్నాడు.

“ఏది బాగుంది? నిన్నటిదా, ఇవాళ్టిదా?”

“నిన్న కూడా చేశావా?”

ఇక ఆయన్ని అడగడం మానేసింది. తోడికోడలితో మాట్లాడడం కూడా మానేసింది. మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరూ గోడకున్న సున్నం చూసుకుంటూ పోయేవారు.

ఆ వారమే ఓ పొద్దున చిన్నకోడలు సగం ఉడికిన గిన్నె గుడ్డతో పట్టుకుని కిందికొచ్చింది. “అక్కా, మా స్టవ్ వెలగట్లేదు. ఓ బర్నర్ ఇస్తావా?” అంది, గిన్నెకేసి చూస్తూ.

కాదంటే బాగుండదు, అవునంటే మనసొప్పదు. పెద్దకోడలు తన గిన్నె పక్కకి జరిపింది. రెండు సూపులూ పక్కపక్కనే కుతకుతలాడుతున్నాయి, వండేవాళ్ళు మాత్రం నోళ్ళు కుట్టేసుకున్నారు. ఇంతలో గంట మోగింది. దిండు సర్దాలట. పెద్దకోడలు సర్దొచ్చేసరికి మాడు కంపు. తన సూప్ అడుగంటిపోయింది. పక్కనే ఉండి చూసుకోలేదా అని అరవబోయింది గానీ, ఆ పిల్ల అప్పటికే ఎండుద్రాక్షలా ముడుచుకుపోయి నిలబడింది.

“నీ గిన్నె కదిలిస్తే తిడతావని ముట్టుకోలేదక్కా,” అంది. “నాదే చెరి సగం పట్టుకెళదాం. ఎలాగూ నాదంటే ఆవిడకి పడదు.”

“నీది పడకపోవడమేమిటి? రోజూ నీదే అమృతమంటుంటేనూ!”

“నాదా? నాకు రోజూ ఐదే! పెద్దమ్మాయి చేతిరుచి నీకెక్కడిదని దులిపేస్తోంది!”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మరు నిమిషంలో రెండు కప్పులు నిండాయి.

పెద్దకోడలి కప్పుకి ఆరొచ్చింది, చిన్నమ్మాయిని చూసి నేర్చుకోమన్న సలహాతో సహా. తరవాత చిన్నకోడలు వెళ్ళింది. పెద్దకోడలు తలుపు పక్కన నక్కి వింది. “ఐదు. ఇప్పుడే పెద్దమ్మాయి తెచ్చింది, అదీ సూపంటే!” అంటోంది అత్తగారు. సంగతి తెలిసి కూడా, పెద్దకోడలికి ఒక్క క్షణం గుండె ఉప్పొంగింది. ఆ తరవాత సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే లోపలికి నడిచింది.

“అత్తయ్యా, రెండూ ఒకే గిన్నెలోవి.”

ఆవిడ తొణకలేదు, బెణకలేదు. “గిన్నె ఒకటైతే అయిందమ్మా, తెచ్చిన చేతులు రెండు కదా! నా బడిలో బాగా చదివే పిల్లలిద్దరుంటే, వీడి పేపరు వాడికి చూపించి, వాడి పేపరు వీడికి చూపించి చీవాట్లు పెట్టేదాన్ని. ఇద్దరూ పైకొచ్చారు.”

“వాళ్ళిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారా?” అంది చిన్నకోడలు.

“అది సిలబస్‌లో లేదు,” అని ఆవిడ కప్పు ఖాళీ చేసింది.

ఆ రోజు నుంచి వంట కిందే. ఒకరు ముక్కలు కోస్తే ఒకరు వండేవారు. వండినవాళ్ళు కాకుండా రెండోవాళ్ళు పట్టుకెళ్ళేవారు, ఒక్కోసారి ఇద్దరూ వెళ్ళేవారు. “ఎవరు చేశారు?” అని ఆవిడ అడిగితే, “తాగి మీరే చెప్పండి,” అనేవారు. పెద్దమేడం జీవితంలో పేరు లేని పేపరు దిద్దాల్సి రావడం అదే మొదటిసారి. మార్కు నోటి దాకా వచ్చి ఆగిపోయేది. గత్యంతరం లేక రుచి చూడడం మొదలెట్టింది. వంటింట్లో కోడళ్ళిద్దరూ గుమ్మడి గింజలు వేయించుకుని తింటూ పడీ పడీ నవ్వుకున్నారు.

కట్టు విప్పే రోజు దగ్గరపడింది. ఓ సాయంత్రం ఖాళీ కప్పు తేవడానికి పెద్దకోడలు ఒక్కతే వెళ్ళింది. అత్తగారు గభాలున చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

“ఇవాళ్టిది నీదే. నాకు తెలియదనుకున్నావా? ఆ పిల్లకి ఇంత పనితనమా! తొమ్మిదిన్నర.”

ఆ సూప్ మొదటి నుంచీ చివరి దాకా చిన్నకోడలు చేసిందే. పెద్దకోడలు వెల్లుల్లి ఒలిచిందంతే. ఆ మాట చెబుదామనే నోరు తెరిచింది.

“మిరియాలు వేయించి వేశానత్తయ్యా,” అంది.

వంటింట్లోకి రాగానే చిన్నకోడలు ఆత్రంగా ఎదురొచ్చింది. “ఏమందక్కా?”

“ఏమంటుంది? కప్పు ఖాళీ చేసింది.”

ఆ మాత్రానికే చిన్నకోడలు పొంగిపోయింది. ఆ సాయంత్రం గిన్నెలన్నీ పెద్దకోడలే తోమింది, వద్దన్నా వినకుండా.