శాంపూ పెట్టిన గొర్రెపిల్ల

ఉమారాణి నల్లగొండలో ఎమ్మెస్సీ బయాలజీ చదువుతోందన్న మాటే గానీ, ఆదివారం కట్టంగూర్ ఇంటికొచ్చి చేసిన ఘనకార్యం చూస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. మూడు రోజుల గొర్రెపిల్లకు శాంపూ పెట్టి తలంటి, ఫొటో తీసుకుని మురిసిపోయింది.

తీరా తల్లి దగ్గర వదిలితే, అది పిల్ల తోక దగ్గర వాసన చూసి ఒక్క కుమ్ము కుమ్మింది. కన్నబిడ్డనే! పిల్ల లేచి మళ్లీ పొదుగు దగ్గరికి పోయింది, మళ్లీ ఎగిరి అవతల పడింది. పాలు లేకపోతే అది సాయంత్రం దాకా బతికేలా లేదు.

తండ్రి భిక్షం నాలుగు తిట్లు తిట్టి గొర్రెను గుంజకు కట్టేశాడు. దానికి కళ్లు కాదు, ముక్కే సాక్ష్యమని, నీ శాంపూ మల్లెపూల వాసనతో అది బిడ్డనే మరిచిందని దెప్పుతూ, దాని పాలే పిండి పిల్ల వీపుకూ తోకకూ పూశాడు.

ఉమారాణికి చప్పున అమ్మ గుర్తొచ్చింది. పది రోజులుగా అమ్మకు చెప్పలేక చస్తున్నది ఇదే కదా! తల్లి జానమ్మకు కీళ్లవాతం. ఒంటిని కాయాల్సిన కణాలే కీళ్ల మీద పడుతున్నాయని, మందు వాడకపోతే వేళ్లు వంకర పోతాయని దవాఖానలో చెప్పారు. సొంత ఒళ్లు ఎక్కడైనా కరుస్తుందా, అంతా అబద్ధం, ఇది తను చేసిన పాపమేనని ఆమె గోళీలు ముట్టలేదు.

ఉమారాణి తల్లిని చెయ్యి పట్టి దొడ్లోకి లాక్కొచ్చి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. మన కణాల మీద ఇంటి గుర్తులుంటాయట. కాపలా కణాలకు గ్రాహకాలుంటాయట, అవే వాటి ముక్కు. ఇంటి గుర్తు తగిలితే వదిలేస్తాయి, పరాయిదైతే పొడుస్తాయి. ఆ ముక్కు తప్పిందా, సొంత కీలు కూడా పరాయిదే.

జానమ్మ గొర్రెనే చూస్తోంది. కట్టు తెంచుకోవాలని అది పెనుగులాడుతూనే ఉంది. దాని కింద పిల్ల తోకాడిస్తూ పాలు తాగుతోంది.

"అయితే నేను చేసిన పాపమేం లేదా?" అంది మెల్లగా.

"గొర్రెదేం పాపమే అమ్మా? పిల్లదేం పాపం?"

"మరి గా గోళి ఏం చేస్తది?"

"గొర్రెను కట్టేస్తది."

జానమ్మ వాచిన వేళ్లతో కట్టుతాడును ఒకసారి లాగి చూసింది. గట్టిగానే ఉంది.

"ఉప్పుకుండ ఎనక దాచిన," అంది. "పట్కరాపో."