అద్దంలోంచి ఎండ

ఆ అపార్టుమెంటులో ఒంటికి ఎండ తగిలే చోటు ఒక్క డాబాయే. చుట్టూ భవనాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి కాబట్టి కింద గేటు దగ్గర వెలుతురు ఉంటుందే గాని ఎండ పడదు. ఇక కార్లు పెట్టుకునే సెల్లారులో అయితే పట్టపగలే లైటు వేసుకోవాలి. వాచ్‌మన్ కాపురం అక్కడే, జనరేటరు పక్క గదిలో. అతను, అతని భార్య, వాళ్ల కూతురు. కూతురు పుట్టినప్పుడు మరీ చిన్నగా ఉందని వాళ్ల నాయనమ్మ దాన్ని పిడికిలి అంది, ఆ పేరే ఉండిపోయింది. మెట్లు తుడిచే వాళ్లమ్మని కూడా అపార్టుమెంటు అంతా పిడికిలి వాళ్లమ్మ అనే పిలిచేవారు.

మహమ్మారి వచ్చి ఊరంతా తలుపులు బిగించుకున్నప్పుడు డాబాకి తాళం పడింది. తాళంచెవి సెక్రటరీగారి దగ్గర. చల్లగా ఉన్నంతసేపు ఫ్లాట్ల వాళ్లు వంతులేసుకుని పైకెళ్లి నడిచేవారు, పిల్లలచేత సైకిళ్లు తొక్కించేవారు. ఎండెక్కాక పై అంతస్తు డాక్టరమ్మగారి కుక్కకి వంతు. పనివాళ్లకి వంతు లేదు. మరిచిపోయి వదిలేశారనుకునేరు, అదేం కాదు, గ్రూపులో మెసేజ్ పెట్టి మరీ లేదన్నారు. పనివాళ్లు గేటు దాటితే మళ్లీ లోపలికి రానిచ్చేది లేదని కూడా అన్నారు. బయట తిరిగొస్తే జబ్బు మోసుకొస్తారట. ఫ్లాట్ల వాళ్లు మాత్రం కార్లేసుకుని వెళ్లి సరుకులు నింపుకొచ్చేవారు. కారుకి అద్దాలుంటాయి కదా, జబ్బు బయటే ఆగిపోతుంది కాబోలు.

అప్పటికి పిడికిలి గేటు ఊచలు పట్టుకుని లేచి నిలబడడం నేర్చింది. రేపో మాపో అడుగేస్తుందని వాళ్ల నాన్న డ్యూటీలో కూడా ఒక కన్ను దానిమీదే ఉంచేవాడు. గేటు దగ్గర పిల్ల కనిపించకూడదని ఫ్లాట్ల వాళ్లు అన్నారు, అమ్మానాన్నా దాన్ని సెల్లారులోకి తీసుకెళ్లిపోయారు. అక్కడ అది కొన్నాళ్లు గోడ పట్టుకుని నిలబడింది, తర్వాత నిలబెడితే ఏడవడం మొదలుపెట్టింది. నిద్రలో తలంతా చెమటలు. ఎండలు ముదిరేసరికి మోకాళ్ల కింద నుంచి కాళ్లు బయటికి వంగుతూ పట్టకారులా తయారయ్యాయి. "మా వంశంలో ఎవరికీ దొడ్డికాళ్లు లేవే" అన్నాడు వాచ్‌మన్, అదేదో పెళ్లాం పుట్టింటి నుంచి తెచ్చిన సామానన్నట్టు. ఆవిడ తుడుపుగుడ్డ బకెట్లో విసిరికొట్టింది.

డాక్టరమ్మగారు పిల్లల డాక్టరే. ఆసుపత్రి మూసుకుని ఇంట్లోంచే ఫోనులో మాట్లాడేది. ఒకరోజు లిఫ్టు కిందికి రాగానే పిడికిలి వాళ్లమ్మ పిల్లని ఎత్తుకుని అడ్డంగా నిలబడింది. డాక్టరమ్మ ముఖానికి మాస్కు, దానిమీద ప్లాస్టిక్ రేకు. చేయెత్తి అక్కడే ఆగమంది.

"దగ్గరికి రాకు. కనిపిస్తోందిలే. ఎముకలు మెత్తబడ్డాయి, ఎండ లేక. ఆసుపత్రులు తెరిచాక చుక్కల మందు వేయిద్దాం. ఈలోపు రోజూ ఎండలో ఉంచు."

"ఎండ ఎక్కడుందమ్మగారూ, డాబాకి తాళం వేశారు కదా."

"అది అసోసియేషన్ వాళ్లని అడగాలి" అంది డాక్టరమ్మ. ఆవిడ కూడా ఆ అసోసియేషన్‌లో మెంబరే. తాళం వేయాలన్నప్పుడు చెయ్యెత్తిన వాళ్లలో ఆవిడ చెయ్యి కూడా ఉంది.

సరే, పిడికిలి వాళ్లమ్మ సెక్రటరీగారి కాళ్లావేళ్లా పడింది. ఆయన గుమ్మంలోంచే మాట్లాడాడు, గొలుసు తీయకుండా. "నాకు మనసు లేదని కాదమ్మా. నీ ఒక్కదానికి ఇస్తే రేపు అందరూ అడుగుతారు" అన్నాడు. కాసేపు గడ్డం గోక్కుని పెద్ద మనసు చేసుకున్నాడు. "నాలుగో అంతస్తు మెట్ల మలుపులో కిటికీకి పెద్ద అద్దముంది కదా, పొద్దున బ్రహ్మాండమైన ఎండ పడుతుందక్కడ. పిల్లని కూర్చోబెట్టుకో. ఎవరైనా మెట్లు దిగుతుంటే మాత్రం లేచి పక్కకెళ్లిపో."

ఆవిడ ఆయనకి దణ్ణం పెట్టింది. పెట్టిన ఆ దణ్ణం తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి తన చేతులంటేనే రోత.

ఆ రోజు నుంచి పొద్దున్నే ముందు ఆ అద్దం తుడిచేది. ఎండకి మరక అడ్డం రాకూడదని సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో రుద్ది, మళ్లీ నోటితో ఊది రుద్దేది. అది తెరుచుకునే అద్దం కాదు, గోడలోకి బిగించేసింది. కింద చాప పరిచి, పిల్ల గౌను విప్పి, కాళ్లు ఎండలోకి చాపి కూర్చోబెట్టేది. ఎండ జరిగితే చాప జరిపేది. "అలా అరగదీశావంటే ఏదో ఒకరోజు అద్దానికి చిల్లుపడుతుందే" అని వాచ్‌మన్ నవ్వేవాడు. పిల్ల కాళ్లు వెచ్చగా అయ్యేవి. ఆ వెచ్చదనం చేత్తో తడిమి చూసుకుని, మందు లోపలికి దిగుతోందని తల్లి మురిసిపోయేది.

డాక్టరమ్మ లిఫ్టులో అందరి ఊపిరీ ఉంటుందని ఆమధ్యే లిఫ్టు మానేసి కుక్కని మెట్లమీదే గేటు దాకా తిప్పి తెచ్చేది. రోజూ ఆ మలుపు దాటేది. దాటేటప్పుడు ఆగి, చాప వంక చూసి, బొటనవేలు పైకెత్తి, "బాగుంది, మానకుండా చెయ్యి" అనేది. పెద్ద డాక్టరు బాగుందంటే బాగున్నట్టే కదా. వానలు వచ్చేదాకా తల్లి ఒక్కరోజూ మానలేదు. పిల్ల కాళ్లు మాత్రం ఇంకా వంగాయి.

ఈలోపు కుక్కని చూసుకునే మనిషి సొంతూరు వెళ్లిపోయి చిక్కుపడ్డాడు. కుక్కని డాబా మీద తిప్పే పని పిడికిలి వాళ్లమ్మ నెత్తినపడింది. ఆ కుక్కకి ఏదో నోరు తిరగని పేరుంది గాని, సెల్లారులో దాన్ని దొరగారు అనేవారు. దొరగారికి విడిగా పరుపు, విడిగా ఫ్యాను. పాలలో ఎముకల బలానికని ఒక మాత్ర వేసి పెట్టాలి. పిడికిలి వాళ్లమ్మ తన చేత్తోనే ఆ మాత్ర చిదిమి కలిపి పెట్టేది. దొరగారి కాళ్లు గుంజల్లా ఉండేవి.

ఒకరోజు అలాగే గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. హాల్లో డాక్టరమ్మ కంప్యూటరు ముందు కూర్చుని తల్లులకి పాఠం చెబుతోంది. తెరమీద చిన్న చిన్న గడుల్లో తల్లులు, వాళ్ల ఒళ్లో బొద్దుపిల్లలు.

"కిటికీ తలుపులు తెరిచి ఎండ తగలనివ్వండి. అద్దం వేసి ఉంచితే ఏం లాభం లేదు. ఎముకలకి కావలసింది ఎండలో ఏదుందో దాన్ని అద్దం ఆపేస్తుంది, వేడి ఒక్కటే లోపలికొస్తుంది. చాలామంది తల్లులు చేసే పొరపాటు ఇదే" అంటోంది డాక్టరమ్మ.

పిడికిలి వాళ్లమ్మ గిన్నె కింద పెట్టింది. పాఠం అయిపోయి తెర ఆరిపోయేదాకా కదలకుండా అక్కడే నిలబడింది.

"అమ్మగారూ, అద్దంలోంచి పడే ఎండ పనికిరాదా?"

"పనికిరాదు."

"మా పిల్లని రోజూ అక్కడే కూర్చోబెట్టాను కదమ్మా. మీరు చూశారు."

"చూశాను. ఎందుకు చూడలేదు."

"బాగుందన్నారు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అంత శ్రద్ధగా చేస్తున్నావు, నిరుత్సాహపెట్టడం దేనికని. అయినా అద్దంలోంచి పనికొస్తుందా అని నువ్వు అడగలేదుగా" అంది.

ఆ ఇంట్లో వేసిన పూల సెంటు, నేలమీద తను వేసిన ఫినాయిలు, కుక్క పాలగిన్నె, అన్నీ కలిసి పిడికిలి వాళ్లమ్మ ముక్కులోకి ఎక్కాయి. వంగి పాలగిన్నె తీసుకుంది. ఏమన్నా అంటే ఆ నోట్లోంచి ఇంకో మంచిమాట వినాల్సి వస్తుంది. అది తనవల్ల కాదు.

మర్నాడు దొరగారి బెల్టు ఒక చేత్తో, పిడికిలిని చంకలో వేసుకుని డాబా ఎక్కింది. తలుపు తీయగానే పిల్ల వెలుగు చూడలేక ముఖం తల్లి మెడలో దాచుకుని ఏడ్చింది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. కింద కూర్చోబెడితే కుక్క వచ్చి పక్కనే పడుకుంది. పిల్ల దాని చెవి పట్టుకుని లాగింది, దొరగారు కిక్కురుమనలేదు. తల్లి తలుపుకి ఆనుకుని, చాలాకాలం తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టు కూర్చుంది.

కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత నీళ్ల ట్యాంకు చూడడానికి సెక్రటరీగారు పైకొచ్చారు. ఆయన అరవలేదు. పెద్దమనిషి, ఎందుకు అరుస్తాడు. జేబులోంచి చేతులకి కొట్టుకునే మందు సీసా తీసి, పిల్ల కూర్చున్న చోటంతా చిలకరించాడు. తర్వాత పిల్ల అరికాళ్లమీద కూడా కొట్టాడు. పక్కనే కుక్క పడుకుని ఉంది, దానిమీద ఒక్క చుక్క పడకుండా జాగ్రత్తపడ్డాడు.

"పైన చిన్నపిల్లలు ఆడుకుంటారమ్మా. నువ్వే ఆలోచించు" అన్నాడు.

"ఇది చిన్నపిల్ల కాదాండీ" అంది ఆవిడ. ఆయన అప్పటికే ట్యాంకు మూత ఎత్తి లోపలికి చూస్తున్నాడు.

పిడికిలి మళ్లీ సెల్లారు చేరింది. అయితే దొరగారు మొండికేశారు. డాబా తలుపు దగ్గర చతికిలబడి, అటూ ఇటూ చూసి, బెల్టు పట్టి లాగినా లేవదు. రెండుపూటలు పాలు కూడా ముట్టలేదు. డాక్టరమ్మ గుండె చెరువైపోయింది. పిడికిలి కాళ్లు వంగినప్పుడు చీమ కుట్టినట్టయినా లేని మనిషి, ఆ పిల్ల పక్కన లేదని కుక్క అలిగిందంటూ గ్రూపులో పేరాలు పేరాలు రాసింది. అందరూ ఏడుపు ముఖం బొమ్మలు పెట్టారు. సాయంత్రానికి సెక్రటరీగారు అనుమతి రాసేశారు. కుక్క ఆరోగ్యం దృష్ట్యా, కుక్క వంతులో, కుక్కతో పాటు, వాచ్‌మన్ కూతురు డాబా మీదికి రావచ్చు.

వాచ్‌మన్ ఆ మెసేజ్ చదివి వినిపించాడు. "పోనీలే, ఏదో ఒకరకంగా ఇచ్చారు కదా" అన్నాడు మెల్లిగా.

"థూ" అంది ఆవిడ. అని గోడవైపు తిరిగి కూర్చుంది. ఛీ కొట్టి, మీ ఎండ మీ దగ్గరే అట్టేపెట్టుకోండి అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ కాళ్లు తనవి కావు, పిల్లవి. తెల్లారాక లేచి పిల్లకి గౌను తొడిగింది.

పిడికిలి కుక్క బెల్టు పట్టుకుని లేచి నిలబడింది. తర్వాత బెల్టు పట్టుకునే అడుగేసింది. దొరగారు దాని నడకకి తగ్గట్టు ఆగి ఆగి నడిచేవాడు. ఆ అపార్టుమెంటులో బుద్ధిగా నడుచుకున్నది ఆ కుక్క ఒక్కటే. డాక్టరమ్మ ఫోనులో వీడియో తీసుకుని తన పాఠంలో చూపించింది. జంతువులు పక్కనుంటే పిల్లలు ఎంత చక్కగా ఎదుగుతారో చూడండి అంటే, గడుల్లోని తల్లులంతా చప్పట్లు కొట్టారు.

గేట్లు తెరిచాక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పిల్లని నడిపించి చూసి, చుక్కల మందు రాశాడు, కాళ్లకి వంపు సరిచేసే పట్టీలు రాశాడు. కొంత సర్దుకుంటుంది, కొంత సర్దుకోదు, ఎదిగాక ఆపరేషన్ అవసరం పడొచ్చు అన్నాడు. "వంగడం మొదలైనప్పుడే ఎండ తగిలుంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఎక్కడ పెట్టుకున్నారమ్మా పిల్లని?" అన్నాడు. అద్దం దగ్గర అని ఆవిడ చెప్పలేదు.

కుక్క మనిషి ఊరినుంచి తిరిగొచ్చాడు. డాబా వంతు అతనిదైంది, పిడికిలికి ఇచ్చిన అనుమతి చెల్లిపోయింది. ఇప్పుడు వీధిలో ఎండుంది, వాళ్ల దయ అక్కర్లేదు.

ఒకరోజు మెట్లు తుడుస్తుంటే సెక్రటరీగారు నాలుగో అంతస్తు మలుపులో ఆగారు. అద్దంమీద వేలు పెట్టి గీశారు. వేలికి మందంగా దుమ్ము అంటింది.

"ఏంటమ్మా ఇది? ఇదివరకు తళతళలాడించేదానివి. నిన్ను చూసి ఎంత ముచ్చటపడేవాళ్లం."

పిడికిలి కింది మెట్టుమీద కూర్చుని ఉంది, కాళ్లకి పట్టీలు. వాళ్లమ్మ నడుం నిటారుగా చేసి ఆయన వంక చూసింది.

"దాంట్లోంచి రావలసింది రాదని ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారండీ. నాకు తెలీదు కాబట్టి తుడిచాను" అంది. "ఇప్పుడు తెలిసింది."

బకెట్టు ఒక చేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి పిల్లకిచ్చింది. పిడికిలి మెట్టుమెట్టుకీ రెండు కాళ్లూ కలిపి ఆనించుకుంటూ దిగుతోంది, తల్లి ప్రతి మెట్టు మీదా ఆగుతోంది. పైన సెక్రటరీగారు వేలికంటిన దుమ్ము ఎక్కడ తుడుచుకోవాలో తెలీక జేబురుమాలు కోసం వెతుక్కుంటున్నారు.