పొయ్యి వైపు మూడు

మంచు పడటం మొదలైన దగ్గర్నుంచి రైమోకి తన కంప్యూటర్ మీద కక్ష పుట్టింది. మూడేళ్ళ కిందట యామ్సా పట్నంలో కొట్టువాళ్ళే అన్నీ బిగించి అమ్మిన పెట్టె అది. ఇంటికి తీసుకెళ్ళి తీగ గుచ్చుకుంటే చాలన్నారు. గుచ్చాడు, రెండేళ్ళకు పైగా మహారాజులా నడిచింది. ఈ అక్టోబరు నుంచి మాత్రం ర్యాలీ కార్ల పందెం ఆటలో బొమ్మ నత్తి కొడుతోంది. సరిగ్గా మలుపు దగ్గర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. మళ్ళీ కదిలేసరికి కారు కందకంలో ఉంటుంది.

"చూశావా? మళ్ళీ ఆగింది!" అంటూ స్టీరింగు మీద గుద్దాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే," అంది ఇర్మెలి, ఒళ్ళో పుస్తకం మూయకుండానే. "అరవై నాలుగేళ్ళొచ్చాయి. పెట్టెని తిట్టడం మాని బ్రేకు తొక్కడం నేర్చుకో, ముసలోడా."

ఇర్మెలి అతని భార్య. అంతకంటే ముందు అతనికి దారి చదివే మనిషి. ర్యాలీలో తోలేవాడికి గుట్ట అవతల ఏముందో కనబడదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ముందే రాసుకున్న పుస్తకం చూసి, మలుపు రాకముందే దాని సంగతి చెప్పాలి. కుడి ఐదు, గుట్ట, అరవై మీటర్లు, ఎడమ మూడు. అంకె ఎంత చిన్నదైతే మలుపు అంత గట్టిది. పదకొండేళ్ళు అడవి దారుల్లో ఆమె చదివింది, అతను తోలాడు. అతని నడుము దెబ్బతిన్నాక కారు అమ్మేశారు. ఇప్పుడు పాత ర్యాలీ క్లబ్బు జంటలు పన్నెండు, చలికాలమంతా ఆదివారాలు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఈ ఆట మీద పోటీ పడుతున్నాయి. నియమం ఒక్కటే. ఆటలో వచ్చే గొంతు కట్టెయ్యాలి, దారి మనిషే చదవాలి. కాఫీ, యాలకుల రొట్టె అయ్యాక ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చునే ఆ గంట కోసమే రైమో మిగతా వారమంతా గడిపేవాడు.

ఆ లోకంలో ఒక మర్యాద ఉంది. దారి చదివేవాళ్ళని అనుమానించకూడదు. అనుమానం పుట్టినవాడి కాలు ముందే బ్రేకు మీదికి పోతుంది, ఆ తర్వాత వాడు దేనికీ పనికిరాడు. కాబట్టి టైర్లని తిట్టొచ్చు, మంచుని తిట్టొచ్చు, మరీ కడుపు మండితే దేవుణ్ణి తిట్టొచ్చు, పక్క సీటుని మాత్రం ఒక్క మాట అనకూడదు. రైమో కంప్యూటర్ని తిట్టాడు.

తిట్టి ఊరుకునే రకం కాదు. సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చూపించే అంకెని తెర మూలన పెట్టుకున్నాడు. ఒకప్పుడు నూరుండేది, ఇప్పుడు ముప్ఫై ఐదు. ఆటలో చెట్ల నీడలు తీసేశాడు. ఆకులు తగ్గించాడు. కొట్టువాళ్ళు ఉచితం పేరుతో కూరి పంపిన ప్రోగ్రాములన్నీ ఏరి పారేశాడు. అంకె నలభైకి ఎక్కి అక్కడే చతికిలబడింది. చివరికి పెట్టెని దుప్పట్లో చుట్టి, యామ్సా బస్టాండు పక్కన రిపేరు కొట్టు నడిపే విల్మా దగ్గరికి మోసుకుపోయాడు.

విల్మాకి ముప్ఫై కూడా ఉండవు. ముక్కుకి రింగు, నోటికి తాళం లేదు. పెట్టెని కాసేపు నడిపించి వేడి కొలిచి, పక్క రేకు విప్పి లోపలికి చూసింది.

"ఇందులో కుక్కని పెంచుతున్నారా పెద్దాయనా?"

"మా హల్లా చలి కాచుకునే పొయ్యి పక్కన పడుకుంటుంది. పెట్టె కూడా అక్కడే ఉంటుంది."

"అందుకే తొంభై ఏడు డిగ్రీలు. ఇది కంప్యూటర్ కాదు, మీ సౌనా, ఆవిరి స్నానాల గది. నీళ్ళు చిలకరించి గుడ్డలిప్పుకుని కూర్చోవచ్చు." పిడికెడు ఎర్రటి కుక్కబొచ్చు, దాంతోపాటు పొయ్యి బూడిద లాగి బల్ల మీద పడేసింది. "మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తనే నెమ్మదిస్తుంది. దానికున్న బుద్ధి మనుషులకి లేదు."

ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాసింది. ఒంటరిగా ఉన్న మెమరీ పలకకి జత కలిపింది. ఆట పెట్టి చూస్తే అంకె నూట ఇరవై. అంటే మద్దెల నిజంగానే ఓటిది! రైమో ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికొచ్చి పెట్టెని పొయ్యికి దూరంగా, కిటికీ కింద స్టూలు వేసి పెట్టాడు.

ఆదివారం బొమ్మ నీళ్ళలా పారింది. మూడో దారిలో గుట్ట ఎక్కి దిగారు. కారు తిన్నగా పోయి ఎప్పట్లాగే కందకంలో పడింది. తెర మూలన నూట ఇరవై అలాగే ఉంది.

"కంప్యూటరే," అంది ఇర్మెలి, ఈసారి అతనికంటే ముందే. "నువ్వన్నదే నిజం. ఆ పిల్లకి సరిగ్గా బాగుచెయ్యడం రాలేదు."

మద్దెల సామెత ఆమె ఎత్తలేదు. అది రైమోకి కొంచెం వింతగా తోచింది గానీ, ఎందుకో ఆలోచించలేదు.

విల్మాకి ఫోన్ చేస్తే, "నా పనికి వంక పెడుతున్నారా?" అని దెబ్బలాడింది. "అయితే ఆటని రికార్డు చేసి తీసుకురండి. బొమ్మా మాటా అన్నీ అందులో ఉంటాయి. ఎక్కడ ఆగుతోందో తేల్చేద్దాం."

మరుసటి ఆదివారం రికార్డు చేసి, సోమవారం పొద్దున్నే పట్టుకెళ్ళాడు. విల్మా బొమ్మ కింద ఒక గీత పెట్టి చూపించింది. ఎక్కడ ఆగినా ఆ గీత కిందికి జారాలట. అది ఎక్కడా జారలేదు. కారు కందకంలో పడ్డచోట కూడా చాపలా పరుచుకునే ఉంది. ఆ ముక్కే మళ్ళీ వేసింది. మూడోసారి వేసి, గొంతు తగ్గించి అంది.

"పెద్దాయనా, బొమ్మ ఆగట్లేదు. మాట ఆగుతోంది."

రైమో విన్నాడు. "కుడి ఐదు, గుట్ట, అరవై," అంది ఇర్మెలి గొంతు. ఆ తర్వాత ఏమీ లేదు. కాగితం కదిలిన చప్పుడు. ఊపిరి. "ఆ... అటు... పొయ్యి వైపు మూడు." అప్పటికి కారు పడిపోయింది.

వాళ్ళింట్లో కూర్చున్నచోటి నుంచి పొయ్యి ఎడమ పక్కన ఉంటుంది. పొయ్యి వైపు అనడం ఆమె అక్టోబరు నుంచి మొదలుపెట్టింది. తనని ఆటపట్టించడానికి అనుకున్నాడు రైమో. నవ్వాడు కూడా. ఎన్నిసార్లు నవ్వాడో ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గూ భయమూ వేశాయి.

"ఆ బొచ్చు ఉందా?" అని అడిగాడు.

"ఏ బొచ్చు?"

"నువ్వు లోపల్నుంచి తీసింది. మళ్ళీ అందులో పెట్టెయ్యి తల్లీ. ఎప్పట్లాగే చేసెయ్యి."

విల్మా నోట వేళాకోళం రాలేదు. "పెట్టొచ్చు పెద్దాయనా. కానీ మీరు విన్నారు కదా." లోపలికెళ్ళి కాఫీ తెచ్చి ఇచ్చింది. అతను నిలబడే తాగాడు. ఆమె డబ్బు తీసుకోలేదు.

ఇర్మెలికి చెప్పకూడదని దారిలోనే నిశ్చయించుకున్నాడు. వచ్చే ఆదివారం దారి పద్దెనిమిది కిలోమీటర్లు, ఆమె చేతి రాతలో నాలుగు పేజీలు. ఆమె సంతకి వెళ్ళినప్పుడు ఆ పేజీలు వేరే కాగితం మీదికి ఎక్కించుకుని, కట్టెల కొట్టంలో పెట్టుకున్నాడు. కట్టె కట్టెకీ ఒక మలుపు చొప్పున వల్లె వేశాడు. బళ్ళో ఒక్క పద్యం అప్పజెప్పలేక గోడకుర్చీ వేసిన మనిషి, ఐదు రోజుల్లో నాలుగు పేజీలూ నోటికి పట్టాడు. ఆ వారం వాళ్ళింట్లో మూడు నెలలకి సరిపడా కట్టెలు చీలాయి.

ఆదివారం ఒక్కచోట కూడా తడబడలేదు. గుట్ట దిగి, గట్టి మలుపు తిరిగి, మంచు ఎగజిమ్ముకుంటూ చివరిదాకా పోయారు. పన్నెండు జంటల్లో రెండో స్థానం. రైమో రెండు చేతులూ పైకెత్తి పక్కకి తిరిగాడు.

ఇర్మెలి పుస్తకం మూసేసింది.

"నేను చెప్పకముందే తిప్పావు."

"లేదే."

"గుట్ట దిగగానే. నేనింకా మాట కోసం వెతుక్కుంటున్నాను. నువ్వు తిప్పేశావు."

"కంప్యూటర్ బాగైంది కదా, దారి ముందే కనబడుతోంది..."

"నోర్ముయ్. ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి నీ పక్కన కూర్చుంటున్నాను. నా మాట కోసం ఆగిన చేతులెలా ఉంటాయో నాకు తెలీదా? ఇవాళ నేను గోడకి చదివాను. నాకు ఇంతకంటే అవమానం ఏముంది రైమో?"

 ఆమెని కాపాడుతున్నాననుకుని, ఏ పని చెయ్యకూడదో సరిగ్గా అదే చేశాడు.

ఇర్మెలి పుస్తకం చివరి అట్టలోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం. జ్ఞాపకశక్తి పరీక్ష చేసే నర్సు దగ్గరికి గురువారం పదింటికి రమ్మని ఉంది.

"సెప్టెంబరులో నేనే పేరు రాయించుకున్నాను. రెండుసార్లు వాయిదా వేయించాను."

"సెప్టెంబరులోనా? నీకు అప్పటికే తెలుసా?"

"నీకంటే ముందు మలుపు తెలియడమేగా నా పని."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఈ మలుపుకి ఏ అంకె వెయ్యాలో తెలియలేదు," అంది. 

రైమో ఏడ్చాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా చర్చిలో బిగబట్టుకుని నిలబడ్డ మనిషి, బల్ల మీద తల పెట్టి, కుక్క లేచి వచ్చి చూసేంత గట్టిగా ఏడ్చాడు. ఇర్మెలి అతని వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి పుస్తకం తెరిచి మొదటి పేజీకి తిప్పింది.

"మళ్ళీ పెట్టు. చదువుతాను."

"గురువారం వెళ్ళొచ్చాక..."

"గురువారం సంగతి గురువారం. ఇప్పుడు పెట్టు. నా కోసం ఆగు. ఆగకపోయావంటే ఈ కుర్చీలోంచి లేచిపోతాను, మళ్ళీ కూర్చోను."

అతను కళ్ళు తుడుచుకుని పెట్టాడు. ఆమె చదివింది, అతను తోలాడు. కుడి నాలుగు, ఎనభై, కుడి ఐదు, గుట్ట, అరవై. కారు గుట్ట ఎక్కి గాల్లోకి లేచింది. అవతల ఎడమ మూడు. అతనికి తెలుసు, అతని చేతులకీ తెలుసు. స్టీరింగుని బిగించి పట్టుకుని ఆగాడు. పక్కన కాగితం కదిలింది. బొమ్మ ఎక్కడా తొట్రుపడకుండా సాఫీగా వస్తోంది, కందకం పక్కనున్న ఒక్కొక్క తెల్లటి భూర్జ చెట్టూ విడివిడిగా కనబడుతోంది.

"పొయ్యి వైపు మూడు," అంది ఇర్మెలి.

అప్పుడు తిప్పాడు. కారు అప్పటికే కందకంలో, మంచులో ముక్కు గుచ్చుకుని ఉంది.

"సరిగ్గానే చదివావు," అన్నాడు రైమో.