లేబులు లేని సీసా

మా అత్తగారు రత్నావతి ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపలున్న రెండు సీసాలను చూసి మూసేశారు. కాసేపాగి మళ్ళీ తెరిచారు. నేను డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని సైబర్‌జయలోని మా టీమ్‌తో మీటింగులో ఉన్నాను. శుక్రవారాలు ఇంటినుంచే పని. ఫ్రిజ్ తలుపు ఇంకోసారి చప్పుడయ్యేసరికి నాకు చిర్రెత్తుకొచ్చి మైకు ఆపేశాను.

"ఏం కావాలి అత్తయ్యా?"

"ఏటీ వద్దు. ఈటి మీద కాయితం నేదేటి?"

"లేబుల్ ఇంకా అతికించలేదు. అది అమ్మకానికి కాదు, రుచి చూడ్డానికి తెచ్చింది."

ఆవిడ తల ఊపారు గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

ఆ సీసాల్లో ఉన్నది బీరు. సైసన్ అని బెల్జియం పల్లెల పద్ధతిలో చేసేది. మా ఆయన ప్రవీన్ క్లాంగ్ అవతల, లైసెన్సు ఉన్న ఒక చిన్న బీరు తయారీ కేంద్రంలో పనిచేస్తాడు. ఒకప్పుడు వైను ఉంచిన పాత ఓక్ పీపాలో ఈ బీరు పోసి నెలల తరబడి మాగబెట్టాడు. ఆ పీపా మీద చూపిన మురిపెంలో సగం నా మీద చూపి ఉంటే నేను మహారాణిని. తర్వాత సీసాల్లోకి ఎక్కించి, పిసరంత చక్కెర వేసి మూతలు బిగించాడు. సీసాలో అది మళ్ళీ పులుస్తుందట. అలా పులిశాక ఇంతవరకూ ఎవరూ మూత తీయలేదు. శనివారం సాయంత్రం రుచి చూడ్డానికి వాళ్ళ కేంద్రానికి అతిథులు వస్తున్నారు. అంతకుముందే ఇంట్లో తల్లితో, నాతో కలిసి మొదటి సీసా తెరవాలని అతని సరదా.

నేను మీటింగులోకి వెళ్ళి రెండు మాటలు మాట్లాడానో లేదో, వెనక 'టప్' మని చప్పుడైంది. తిరిగి చూస్తే అత్తగారు స్టీలు గ్లాసు నిండా నురగతో నిలబడి ఉన్నారు. నేను లేచేలోపే ఎడంచేత్తో ముక్కు మూసుకుని, చిన్నపిల్లలకు ఆముదం పట్టించినట్టు గటగటా తాగేశారు. జన్మలో కల్లుచుక్క ముట్టని మనిషి!

"అత్తయ్యా! మీకు మతిపోయిందా? బీపీ మాత్రలు వేసుకుంటున్నారు కదా!"

"అరవకు. కూకో." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "రేపు మజ్జానం దాకా నన్ను సూస్తా ఉండు. నాకేటీ అవకపోతే పిల్లోడు తాగొచ్చు. ఏటన్నా అయితే, రొండో సీసా పారబొయ్యి. ఆడికి మాత్రం సెప్పకు."

"ఏం అవుతుందని?"

అప్పుడు చెప్పారు. మా మామగారు రామదాసు జ్వరంతో పోయారని నాకు తెలుసు. ప్రవీన్‌కూ అంతే తెలుసు. అది నిజం కాదట.

"సుంగై సుమున్ తోటలో ఎవరిదో పెళ్ళి. సంసు తాగినారు, ముగ్గురు. సీసా మీద కాయితం నేదు. ఆ దినం ఏటీ అవనేదమ్మా. నవ్వుకుంటా ఇంటికొచ్చినాడు. మర్నాడు పొద్దున్న లేసి, 'రత్నా, ఏటే ఇంత మంచు పడిపోనాది?' అన్నాడు. బయట సూస్తే ఎండ కాస్తా ఉంది."

నేను లాప్‌టాప్ మూసేశాను.

"సాయంత్రానికి ఎల్లిపోనాడు. ముగ్గురూ పోనారు. పిల్లోడికి అప్పుడు మూడేళ్ళు. జొరమని సెప్పినాను."

సంసు అంటే కూలీలు పనిచేసే తోటల్లో దొరికే చవక సారా. దాన్ని కల్తీ చేస్తే కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది. బీరు పులిస్తే అలాంటి విషం పుట్టదు. ఈ సంగతి ఆవిడకు ఓపిగ్గా చెప్పాను. ఫోనులో చూపించాను.

"నువ్వు సెప్పింది నిజమే లా. అయినా రేపు దాకా సూద్దాం" అన్నారు, ఇక్కడి మలయ్ యాసలో మాట చివర 'లా' తగిలిస్తూ.

ఇక నా అవస్థ చూడాలి. నాకు అన్నీ తెలుసు, అయినా భయం పట్టుకుంది. మధ్యాహ్నానికి ఆవిడ ముఖం, చెవులు ఎర్రబడ్డాయి. సోఫాలో నిద్రపోయారు. ఆ నిద్ర నాకు నచ్చలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఎవరైనా చూస్తే నవ్వుతారు, నాకేం నవ్వు రాలేదు. లేచాక నేను టీవీలో ఎవరున్నారు, గోడ మీద గడియారంలో ఎంతైంది అని పదే పదే అడుగుతుంటే విసుక్కున్నారు.

"కన్ను బాగానే ఉంది లా! నువ్వు నన్ను బడిపిల్లని సేసినావు."

సాయంత్రం ప్రవీన్ వచ్చి, ఇంకో సీసా ఏదని అడిగాడు. జారి పగిలిందన్నాను. అతని ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది, అతని మీదో, ఆవిడ మీదో, ఎప్పుడో ఆ సంసు అమ్మినవాడి మీదో తెలియలేదు. పడుకున్నానే గానీ కునుకు పట్టలేదు.

తెల్లారాక పళ్ళు తోముకుంటున్నాను. కింద నుంచి ఆవిడ గొంతు వినబడింది.

"మధూ! ఏటమ్మా, ఇంత మంచు పడిపోనాది?"

బ్రష్ చేతిలోంచి జారింది. మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు. అత్తగారు వీధివైపు ఇనప గ్రిల్లు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు లేదు. ఆవిడకూ ఆ మాట అన్నాకే అర్థమైనట్టుంది, ఎవరి మాట అన్నారో.

"అత్తయ్యా, ఇటు చూడండి. నా చెయ్యి కనబడుతోందా? ఇదిగో, నా చెయ్యి!"

"ఉంది... నీ సెయ్యి ఉంది. ఎదరిల్లు నేదు."

నేను బయటికి చూశాను. ఎదురిల్లు నాకూ కనబడలేదు. వీధి చివర కొబ్బరిచెట్టు లేదు, కరెంటు స్తంభం లేదు. అంతా తెల్లగా ఉంది. గొంతులోకి కాలుతున్న వాసన దిగింది. జెరెబు! ఎండాకాలంలో ఎక్కడో అడవులు తగలబడితే ఆ పొగ వచ్చి ఊళ్ళను కమ్మేస్తుంది. రాత్రికి రాత్రి వచ్చి పడింది.

"నాకూ కనబడటం లేదు అత్తయ్యా! నాకూ కనబడటం లేదు!" అని కేకలు పెట్టాను. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా పడలేదు. పైనుంచి ప్రవీన్ "ఏంటి మధు, ఏమైంది?" అని అరుస్తున్నాడు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఆవిడ నవ్వలేదు. "మజ్జానం అవనీ" అన్నారు.

మధ్యాహ్నం అయింది. ఆవిడకు ఏమీ కాలేదు. ప్రవీన్ మిగిలిన సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత తీయగానే నురగ మెడదాకా లేచింది. గ్లాసుల్లోకి వంచితే గడ్డిరంగులో, కాస్త మసగ్గా దిగింది. అతను గ్లాసు పెదవుల దగ్గరకు తీసుకుంటుంటే అత్తగారు బల్లకింద నా చెయ్యి పట్టుకున్నారు. గోళ్ళు దిగబడ్డాయి. నేను చెయ్యి లాక్కోలేదు. నిన్నటినుంచి అంతా తెలిసినదాన్నే, అయినా అతని గొంతు కదులుతున్నంతసేపూ దాని మీంచి చూపు తిప్పలేదు.

"అబ్బ!" అన్నాడు. "మధు, తాగి చూడు."

ముందు రేగుపండు పులుపు, వెనక మిరియాల ఘాటు, చివర్న తడిసిన కర్ర వాసన. నాలుక మీద తీపి ఇంతైనా మిగలకుండా ఆరిపోయింది. బాగుంది. బాగుందని చెప్పడానికి నాకు రెండు గుక్కలు పట్టింది.

"అమ్మా, నువ్వు కొంచెం పెదవికి తాకించు లా, నా కోసం."

ఆవిడ ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఆశ్చర్యంగా చూశారు. "పుల్లగా ఉంటాదేటి కణ్ణా ఇది?" అన్నారు. నిన్న గ్లాసెడు తాగిన మనిషికి దాని రుచి ఇప్పుడే తెలిసింది.

ప్రవీన్ పొంగిపోయాడు. దీపావళికి రెండో పీపా దించుతామని, అది ఇంకా బాగుంటుందని చెప్పి, మాస్కు కట్టుకుని ఆ పొగలోనే కారు తీశాడు. అత్తగారు గ్రిల్లు దగ్గర నిలబడి, కారు చప్పుడు వినబడినంతసేపూ చూశారు.

"రొండో పీపా సీసాలు ఎప్పుడొస్తాయో కనుక్కో" అన్నారు నాతో.

దేనికో నాకు అర్థమైంది. కోపం రాబోయి ఆగిపోయింది.

"అప్పుడు గ్లాసు నాకివ్వండి అత్తయ్యా. మీకు బీపీ ఉంది, వయసైంది. నేను తాగుతాను. మీరు పక్కన కూర్చుని చూస్తూ ఉండండి."

ఆవిడ నా చెయ్యి దగ్గరికి తీసుకున్నారు. గోటి గుర్తులను బొటనవేలితో నిమిరారు.

"వద్దమ్మా. తాగడం నాకేటీ కట్టం కాదు. పక్కన కూకుని సూడ్డం ఒకపాలి సేసినాను. మళ్ళీ నా వల్ల కాదు."

నిన్నటినుంచి అలా పక్కనుండి చూసింది నేనే కాబట్టి, ఆవిడతో ఇంకేమీ వాదించలేదు.